త్రాసు ముందు శ్రావకుడు

ఉదయమున జినాలయమునకేగి పూజయు సామాయికమును నెరవేర్చి, పిదప అంగడి తలుపు తీయునపుడు ధర్మమును గుడిలోనే విడిచి వచ్చు వ్యాపారులు లేకపోలేదు. "అక్కడిది అక్కడ, ఇక్కడిది ఇక్కడ, వ్యాపారపు దారి వేఱు" అని వారి వాదము. జినశాసనమున నీ వాదమునకు తావు లేదు. శ్రావకుని వ్రతము గుడిలో ఆరంభమగును గాని, దానికి పరీక్ష జరుగునది అంగడిలోనే. ఆ పరీక్షకు పెట్టిన పీట త్రాసు.

ఉపాసకదశాంగ సూత్రమున మొట్టమొదట చెప్పబడినది వాణిజ్యగ్రామవాసియగు ఆనంద శ్రావకుని చరిత్ర. ఆతడు నాలుగుకోట్ల సువర్ణమును నిధిగా దాచి, నాలుగుకోట్లు వృద్ధికి వినియోగించి, నాలుగుకోట్లు గృహవైభవమునందుంచిన సంపన్నుడు. పదేసివేల గోవులు గల మందలు నాలుగు ఆతనికి గలవు. అట్టివాడు మహావీరస్వామి సన్నిధికి వచ్చి పండ్రెండు శ్రావకవ్రతములను గైకొనెను. స్వామి ఆతనిని వ్యాపారము మానుమనలేదు; ధనమును వృద్ధికి పెట్టుట పాపమని చెప్పలేదు. ఆనందుడు తన సంపదకు హద్దు గీసికొనెను. ఆ పిమ్మట స్వామి ఒక్కొక్క వ్రతమునకు ఎట్టి మచ్చలు పడునో, వానిని తెలిసి ఎట్లు విడువవలయునో బోధించెను. ఆ మచ్చలకే అతిచారములని పేరు.

అస్తేయమను మూడవ వ్రతమునకు అతిచారము లైదు. ఉమాస్వాతి ఆచార్యుని తత్త్వార్థసూత్రమున ఏడవ అధ్యాయమునందును ఇవియే కలవు. ఒకనిని దొంగతనమునకు పురికొల్పుట మొదటిది. దొంగసొత్తును కొనుట రెండవది. రాజ్యశాసనమును మీఱి లాభమునకై క్రయవిక్రయములు జరుపుట మూడవది. ఇచ్చునపుడు తక్కువ తూకము, పుచ్చుకొనునపుడు ఎక్కువ తూకము వాడుట నాలుగవది. మంచి సరకువలె కనిపించు నకిలీ సరకును అమ్ముట ఐదవది. ఈ ఐదవదానికి ప్రాచీన వ్యాఖ్యాతలు చూపిన ఉదాహరణము కృత్రిమ సువర్ణము.

ఈ ఐదింటిని మరల చదివి చూడవలెను. అర్ధరాత్రి గోడకు కన్నము వేయువాని ప్రస్తావన వీనిలో లేదు. ఏలయన, వ్రతము పూనిన శ్రావకుడు కన్నము వేయడు. ఆతనికి ఆపద పట్టపగలు, దీపము వెలిగించిన అంగడిలో, నవ్వుచు నమస్కరించు కొనుగోలుదారుని యెదుట వచ్చును. ఈ సంగతి యెఱిగియే జినేంద్రుడు దొంగతనమును గూర్చి చెప్పవలసినప్పుడు అంగడిని గూర్చి చెప్పెను.

ఈ బోధను తిరువళ్లూరు, తిరుత్తణి బజారులలో నిలిచి చదివినచో దాని అర్థము మఱింత స్పష్టమగును. ఈ రెండూళ్ల నడుమ దూరము సుమారు నలుబది కిలోమీటర్లు. తిరువళ్లూరున వీరరాఘవస్వామి కోవెల, హృత్తాపనాశిని పుష్కరిణి కలవు. అమావాస్యనాడు ఊరి వీథులు యాత్రికులతో నిండిపోవును. తిరుత్తణి కొండపై సుబ్రహ్మణ్యస్వామి ఆలయము. మెట్లు మూడువందల అఱువదియైదు, ఏడాదికెన్ని దినములో అన్ని. ఆడికృత్తికకు నగరి, పుత్తూరు, చిత్తూరు ప్రాంతములనుండి పసుపుబట్టలు కట్టి పూలకావడులు మోయుచు తెలుగువారు వచ్చుచుందురు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మాఱినది. సరిహద్దు రాయి జరిగినను ఇంటిలో తెలుగు, అంగడిలో అరవము మాటాడు కుటుంబములు ఈనాటికిని పెక్కు గలవు. తమిళదేశమునకు జైనధర్మము క్రొత్తది కాదు. కాంచీపురము చెంత తిరుప్పరుత్తికున్ఱమును జినకాంచి యని పిలుచుచున్నారు. నిష్పాక్షికతను బోధించుచు తిరుక్కుఱళ్ త్రాసునే ఉపమానముగ గైకొనినది. పరుల సొత్తును తన సొత్తువలె చూచుటయే వర్తకునికి నిజమైన వర్తకమని అందలి భావము.

ఇట్టి ఊళ్లకు వచ్చు కొనుగోలుదారులలో ఇద్దఱిని ప్రత్యేకముగ గమనింపవలెను. ఒకడు యాత్రికుడు. వాడు రేపు ఈ ఊర ఉండడు. మోసపోయినను తిరిగివచ్చి అడుగడు. రెండవవాడు అక్కఱలో ఉన్నవాడు. వాడు ఊరిలోనే ఉండును గాని నోరెత్తి అడుగలేడు. అడుగనివానిని, అడుగలేనివానిని చూచినపుడు వ్యాపారి చేయి ఎటు వంగునో, అదియే ఆతని వ్రతము.

మొదట యాత్రికుని సంగతి. తిరువళ్లూరు స్థలపురాణము ననుసరించి శాలిహోత్ర మహర్షి తనకై ఉంచుకొనిన భాగమును గూడ ఆకలిగొన్న అతిథికి వడ్డించెను. అట్టి ఊర పండుగనాడు నీటిసీసా ధర, గదిబాడుగ, టెంకాయ వెల ఒక్కసారిగ పెంచి, బిడ్డ నెత్తుకొని నిలువనీడ లేక తిరుగు తల్లిని "ఇష్టమైన తీసికొనుము, లేకున్న పొమ్ము" అనుట వ్యాపారచాతుర్య మనిపించుకొనదు. సరకుల వెల హెచ్చుట తగ్గుట లోకసహజము. ఎదుటివానికి వేఱు గతి లేదని తెలిసి ఆ గతిలేమికి వెల కట్టుట మాత్రము లోకసహజము కాదు, అది లోభము.

తూకము సంగతియు నిట్టిదే. పూర్వము ఈ ప్రాంతమున పడితో బియ్యము కొలిచెడివారు, వీశెతో బెల్లము తూచెడివారు, గురిగింజతో బంగారము తూచెడివారు. 1956లో తూనికలు కొలతల ప్రమాణచట్టము వచ్చినది; 1958 అక్టోబరు నుండి కిలోగ్రాము క్రమముగ అమలైనది. నేడు 2009 నాటి తూనికల చట్టము కలదు. విద్యుత్తుతో పనిచేయు త్రాసు, దానిపై ప్రభుత్వముద్ర గలవు. పడి పోయినది, వీశె పోయినది, రాయి పోయినది. చేతివాటము మాత్రము పోలేదు. తూకపు పళ్లెముతో సహా తూచుట, అట్టపెట్టె బరువును మిఠాయి ధరకు అమ్ముట, అంకెలు కొనుగోలుదారునికి కనబడకుండ త్రాసును తన వైపు త్రిప్పుకొనుట — ఇవి నాలుగవ అతిచారమునకు నేటి రూపములు.

బియ్యము విషయమున ఒకే పనిలో మూడు అతిచారములు కలిసివచ్చును. తమిళనాడున 2011 జూను నుండి బియ్యపు కార్డు గల కుటుంబములకు చౌకదుకాణములలో బియ్యము ఉచితముగ ఇచ్చుచున్నారు. ఈ బియ్యమును చాటుగ కూడబెట్టి తిరువళ్లూరు జిల్లామీదుగ సరిహద్దు దాటించి ఆంధ్రదేశమునకు తరలించువారిని అధికారులు పలుమాఱులు పట్టుకొనిరి. పేదకై ఉద్దేశించిన గింజను దారి మళ్లించినపుడు కొన్నది దొంగసొత్తు. రాష్ట్రపు హద్దు దాటించినపుడు మీఱినది శాసనము. దానికి మెఱుగు పెట్టి క్రొత్త సంచిలో సన్నబియ్యమని అమ్మినపుడు జరిగినది నకిలీ వ్యవహారము. ఆ సంచిని కొనిన గృహస్థు వండికొని తినునది మూడు పాపముల అన్నము. ఆ పాపములు తినువానివి కావు, అమ్మినవానివి.

కల్తీ విషయమున హింసయు దాగియుండును. 1998లో ఢిల్లీ నగరమున ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలియుటచే శరీరములు వాచి అనేకులు మరణించిరి. చీమకు హాని కలుగకూడదని నేలను చూచి నడచు ధర్మమిది. కంటికి కనబడు జీవిని కాచి, కంటికి కనబడని కొనుగోలుదారుని కడుపులో విషము పోయుట అహింస యెట్లగును?

ఇక రెండవవాడు, అక్కఱలో ఉన్నవాడు. పళ్లిపట్టు, ఆర్.కె. పేట, పొదటూరుపేట ప్రాంతములందు మగ్గమును నమ్ముకొని బ్రతుకు కుటుంబములు అనేకము. నూలు ధర పెరిగినపుడో, నేసిన గుడ్డ అమ్ముడుపోనపుడో, బిడ్డకు జ్వరము తగిలినపుడో ఆ ఇంటి ఇల్లాలు మెడలోని సొమ్మును కొంగున ముడివైచికొని కుదువ అంగడి మెట్లెక్కును. ఆ అంగడిని జనులు "సేటు అంగడి" యనియు పిలుతురు. ఆ పేరు ఏ ఒక్కరిదో కాదు. కాని ఆ పేరు వినబడినపుడు జైనసంఘము తల ఎత్తుకొనునట్లుండవలెనా, దించుకొనునట్లుండవలెనా యనునది సంఘమే నిర్ణయించుకొనవలసిన విషయము.

ఆ ఇల్లాలు పదునాఱు గ్రాముల గొలుసు తెచ్చినదనుకొన్నచో, లక్క తరుగు, రాయి తరుగు అని చెప్పి చీటిపై పదునాలుగు గ్రాములని వ్రాయుట మిక్కిలి సులభము. రాయియే లేని గొలుసునకు రాయి తరుగు వ్రాసినచో ఆ రెండు గ్రాములు ఎవరివి? ఆమెకు సాక్ష్యము ఆ చీటి యొక్కటే. ఆ చీటిని ఆమె చదువలేదు. నూటికి నెలకు రెండు రూపాయలని నోట చెప్పి, ఇరువదివేల అప్పులో మొదటినెల వడ్డీ నాలుగువందలు ముందే తీసికొని పందొమ్మిదివేల ఆఱువందలు చేతబెట్టినచో, ఆమె తన చేతికి రాని సొమ్మునకు గూడ వడ్డీ కట్టుచున్నది. నెల నిండిన మఱునాడు వచ్చినను రెండవనెల వడ్డీ మొత్తము కట్టుమందురు. గడువు తీరినదని ఒక్క మాట చెప్పక గొలుసును కరగించినచో, పోయినది బంగారము మాత్రమే కాదు. అది ఆమె తల్లి పెట్టిన సొమ్ము; బిడ్డకు పెట్టవలెనని దాచిన సొమ్ము. కంచెయే చేను మేసినట్లు, కాపాడుమని ఇచ్చిన చేతిలోనే అది మాయమైనది.

ఈ విషయమున రాజ్యశాసనము మౌనముగ లేదు. మద్రాసు రాష్ట్రమున 1943లోనే తాకట్టు వ్యాపారుల చట్టము చేయబడినది. వ్యాపారికి అనుమతిపత్రముండవలెను, వడ్డీకి హద్దుండవలెను, తాకట్టు పెట్టినవారికి చీటి ఇయ్యవలెను, గడువు దాటిన సొమ్మును బహిరంగముగ వేలము వేయవలెను, అప్పు, వడ్డీ పోగా మిగిలినది సొమ్ముగలవారికి చెందవలెను. ఈ నియమములు తెలియని వ్యాపారి లేడు. తెలియనిది ఆ ఇల్లాలికే. ఆమెకు తెలియదను ధైర్యముతో జరుపు వ్యాపారమే మూడవ అతిచారము.

కుదువకు సొమ్ము గూడ లేనివారి గతి మఱియు దైన్యము. వారికి దొరకునది తండల్ అప్పు. పదివేలని వ్రాసికొని ఎనిమిదివేల ఐదువందలు ఇత్తురు. దినమునకు నూఱు చొప్పున నూఱు దినములు కట్టవలెను. అసలు దినదినము తగ్గిపోవును గాన, ఋణగ్రస్తుని చేతిలో సగటున నిలుచునది నాలుగువేల పైచిలుకు మాత్రమే. దానిపై నూఱు దినములకు పదునైదువందల వడ్డీ! ఏడాదికి లెక్క గట్టినచో నూటికి నూఱు దాటిపోవును. కట్టవలసిన దినము తప్పినచో వడ్డీపై వడ్డీ పరుగెత్తును. దానికి మీటర్ వడ్డీ యని పేరు. కందువడ్డీ, మీటర్ వడ్డీ, తండల్ మున్నగువానిని నిషేధించుచు 2003లో తమిళనాడున చట్టము వచ్చినది. అయినను 2017 అక్టోబరు 23న తిరునెల్వేలి కలెక్టరు కార్యాలయ ఆవరణమున కందువడ్డీ బాధకు తాళలేక ఒక కూలివాడు భార్యతో, ఇద్దఱు పసిబిడ్డలతో అగ్నికి బలియయ్యెను. అంతకుముందు 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థల వసూళ్లను అరికట్టుటకు ఆర్డినెన్సు తేవలసివచ్చినది. 2025లో తమిళనాడు శాసనసభ బలవంతపు వసూళ్లను నిరోధించు మఱియొక బిల్లును ఆమోదించినది. ఒక చట్టముపై నొకటి వచ్చుచునే యున్నవి. చట్టము చేతిని పట్టుకొనగలదు; మనస్సును పట్టుకొనవలసినది వ్రతము.

ఇచ్చట వ్యాపారులు ఒక మాట అందురు: "బలవంతముగ తెచ్చి ఎవరినైనను కూర్చుండబెట్టితిమా? ఆమెయే వచ్చినది, ఆమెయే ఒప్పుకొన్నది, వేలిముద్ర వేసినది. ఇందు దొంగతనమెక్కడిది?" ఈ మాటకు సమాధానము వ్రతము పేరులోనే ఉన్నది. ఈ వ్రతమునకు అదత్తాదాన విరమణమని మఱియొక పేరు. అదత్తమనగా ఇయ్యబడనిది, ఆదానమనగా పుచ్చుకొనుట. దొరికినది, ఎత్తుకొనినది, లాగుకొనినది మాత్రమే అదత్తము కాదు. మనసార ఇయ్యనిదెల్ల అదత్తమే. మునుగుచున్నవాడు గడ్డిపోచకు గూడ చేతి ఉంగరమిచ్చును. అది దానమా, క్రయమా, ఒప్పందమా? చేయి ఇచ్చినది, మనస్సు ఇయ్యలేదు. వేలిముద్రలో వేలు పడినది. ఆమె అంగీకారము పడలేదు. తెలిసి, తలచి, కాదనుటకు వీలుండి ఇచ్చినదే దత్తము. తక్కినదంతయు, చీటి ఎంత చక్కగ వ్రాసినను, అదత్తమే.

అట్లని న్యాయమైన వడ్డీ తప్పు కాదు, న్యాయమైన లాభము పాపము కాదు. హేమచంద్రాచార్యుడు యోగశాస్త్రమున గృహస్థునికి ఉండవలసిన గుణములలో న్యాయార్జిత సంపదను మొట్టమొదట లెక్కించెను. సంపద వలదనలేదు, అది న్యాయముగ రావలెననెను. ఆపదలో అప్పు దొరకుట పేదకు మేలే. అంగడి బాడుగ, గుమాస్తా జీతము, రానిబాకీల భయము, ఇవన్నియు నిజములే. వీనికి తగిన లాభము తీసికొనువాడు ఊరికి ఉపకారి. గీత ఎక్కడ గీయవలెనను ప్రశ్నకు జవాబు కష్టము కాదు. చేసిన పనిని కొనుగోలుదారునికి పూర్తిగ విప్పి చెప్పగలిగినచో అది లాభము. చెప్పుటకు నోరు రానిచో అది అదత్తము.

తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1923లో ప్రకటించిన భారతీయ దర్శన గ్రంథమున జైనదర్శనమునకు తగిన చోటిచ్చెను. ఆ దర్శనమునకు ప్రాణము అనేకాంతము. వస్తువు ఒక్క వైపునుండి చూచినచో సంపూర్ణముగ తెలియదు. పండితసభలలో ఈ మాట చెప్పుట సులభము. అంగడిలో దీనిని ఆచరించుట యెట్లు? గల్లాపెట్టె వెనుక కూర్చుండి చూచినచో ఆ గొలుసు ఒక తాకట్టు వస్తువు. బయటి బల్లపై కూర్చుండి చూచినచో అదియే ఒక ఇంటి పరువు. రెండు వైపులనుండియు చూడనివానికి అనేకాంతము నోటికి వచ్చును గాని చేతికి రాదు.

మోసపు ఫలమును కర్మసిద్ధాంతము దాచలేదు. మాయ, అనగా కపటము, తిర్యంచాయువునకు కారణమని తత్త్వార్థసూత్రము చెప్పుచున్నది. మూగజీవిగా పుట్టి నోరు లేక బరువులు మోయుట ఆ ఫలము. నోరులేనివానిని మోసగించినవానికి నోరులేని జన్మ! పరుల లాభమునకు అడ్డుపడినవానికి అంతరాయకర్మ బంధము కలుగును. క్రోధము, మానము, మాయ నశించిన పిదప గూడ సూక్ష్మలోభము పదవ గుణస్థానము వఱకు జీవుని విడువదు. మహామునులను గూడ అంతదూరము వెంబడించు శత్రువు అంగడిలోని గృహస్థునకు లొంగినదని ఎవరు చెప్పగలరు? కావుననే ప్రతిదినము కాపలా అవసరము.

పూణియా శ్రావకుని కథ ఎల్లరెఱిగినదే. ఆతడు దూదిని వడికి నూలు చేసి, దినమునకు చాలినంత మాత్రమే సంపాదించిన పేద. ఒకనాడు సామాయికమున కూర్చుండగా మనస్సు నిలువలేదు. ఎంత యత్నించినను కుదురలేదు. భార్యను బిలిచి, "నేడు మన ఇంటికి మనది కానిది ఏదైన వచ్చినదా?" అని యడిగెను. ఆమె ఆలోచించి, దారిలో పడియున్న పిడకలను ఏఱి తెచ్చితినని చెప్పెను. వానిని తిరిగి పెట్టి రమ్మని పంపెను. పిడకలు పోయినవి, మనస్సు నిలిచినది. శ్రేణిక మహారాజు తన రాజ్యమును ధారవోసినను ఆ శ్రావకుని ఒక్క సామాయికమునకు వెల కట్టలేకపోయెనని చెప్పుదురు. రెండు పిడకలే సామాయికమును చెదరగొట్టగలిగినచో, రెండు గ్రాముల దొంగ తరుగు ఏమి చేయును? "ధ్యానమున మనస్సు నిలుచుటలేదు" అని మునిమహారాజుల నడుగు శ్రావకులు, అంతకు ముందు తమ అంగడి చిట్టా నడుగవలెను.

దానమిచ్చినచో దోషము తీరునని మఱికొందఱి ఆశ. అన్యాయముగ తెచ్చినదానిలో పదవవంతు తీసి జీర్ణోద్ధరణకో, అన్నదానమునకో ఇచ్చి రాతిపలకపై పేరు చెక్కించుకొనుట, ఆవును చంపి చెప్పులు దానము చేసినట్లగును. మొదటి దానము, ఎవరిది వారికి తిరిగి ఇచ్చుట. సంవత్సరి పర్వదినమున ఎనుబదినాలుగు లక్షల జీవయోనులను మిచ్ఛామి దుక్కడమని క్షమాపణ వేడుదురు. అన్ని జీవులను ఒక్కమాటుగ వేడుట తేలిక. తరుగు ఎక్కువ వ్రాసిన ఒక్క ఇల్లాలిని పేరుపెట్టి పిలిచి వేడుట కష్టము. ఆ కష్టమైనదే ప్రతిక్రమణము. ప్రతిక్రమణమనగా వెనుకకు మఱలుట. మఱలినవాని చేతిలో తిరిగి ఇయ్యవలసినది లేకున్న, ఆతడు మఱలినది యెక్కడికి?

ఇందుకు గొప్ప తపస్సు అవసరము లేదు. త్రాసు అంకెలు కొనుగోలుదారుని వైపు త్రిప్పియుంచవలెను. చీటిని ఆమె భాషలో, అది అరవమైన అరవమున, తెలుగైన తెలుగున, చదివి వినిపింపవలెను. వ్రాయని కాగితముపై వేలిముద్ర వేయింపరాదు. గడువు తీరుటకు ముందు కబురు పంపవలెను. వేలమున మిగిలినది అడుగకమునుపే ఇయ్యవలెను. పండుగనాటి ధరను పలకపై వ్రాసి అందఱికి కనబడునట్లు పెట్టవలెను. అంగడి మూయునపుడు గల్లాపెట్టె లెక్కతోబాటు ఒక ప్రశ్న వేసికొనవలెను: "ఈ దినము ఇయ్యబడనిది ఏదైన ఈ పెట్టెలోనికి వచ్చినదా?" వచ్చినచో మఱునాడు తెల్లవాఱకమునుపే అది ఎవరిదో కనుగొని ఇయ్యవలెను.

తిరుత్తణి మెట్లు ఏడాదికి సరిపోవునన్ని. ఒక్క దినమున అన్నియు ఎక్కి, మిగిలిన దినములు క్రిందికి దిగువాడు ఎక్కడివాడక్కడనే యుండును. వ్రతమును అట్లే దినమునకొక మెట్టు. కొంగుముడి విప్పి గొలుసును త్రాసుపై పెట్టు ఆ ఇల్లాలు బరువు తూచుకొనుటకు వచ్చినది తన సొమ్మునకే. పళ్లెమున గొలుసుతోబాటు శ్రావకుని ధర్మమును తూగుచున్నదని ఆమెకు తెలియదు. ఆతనికి తెలిసిన చాలును.

జై జినేంద్ర.